పదిరోజుల భాష

క్రిందటి శ్రావణమాసంలో ఒక సాయంత్రం మా పాత విద్యార్థి ఒకడు హైదరాబాదు నుంచి ఫోను చేశాడు. ఏడో తరగతిలో నా దగ్గర తెలుగు చదువుకున్నవాడు. ఇప్పుడు సాఫ్టువేరు ఉద్యోగంలో తల నెరిసినవాడు. కుశలప్రశ్నలయ్యాక కాస్త తటపటాయించి, "మాస్టారూ, ఏమీ అనుకోకండి. మీ పుట తెరిస్తే వ్యాసం రెండు క్షణాలు కనబడి, ఆపైన ఏదో జూదం ప్రకటనకు వెళ్ళిపోతోంది. అమ్మకు చదివి వినిపిద్దామని తెరిచాను," అన్నాడు.

నాకు నమ్మకం కలగలేదు. నా కంప్యూటరులో వ్యాసం నిక్షేపంలా ఉన్నది. "మొబైలులో తెరవండి. అదీ అన్నిసార్లూ జరగదు," అన్నాడతను. మనవరాలి మొబైలులో నాలుగోసారికి నా కంటా పడింది. నాకు ఛందస్సు నేర్పిన గురువుగారిని గూర్చి మూడు వేసవిసెలవులు కూర్చుని రాసుకున్న వ్యాసం అది. వారి దస్తూరీని ఫొటో తీయించి శీర్షిక క్రింద పెట్టుకున్నాను. ఆ గుండ్రని అక్షరాలు ఒక్కసారి మెరిసి మాయమై, వాటి చోట పేకముక్కలు, గిర్రున తిరిగే అంకెలు వచ్చాయి. మనవరాలు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఎవరో చొరబడ్డారనుకున్నాను. "చొరబడలేదు మాస్టారూ, మీరే పిలిచారు," అన్నాడు శిష్యుడు. నేను ఇంకా ఉద్యోగంలో ఉండగా, 2007లో, పుటకు ఎందరు వచ్చిపోతున్నారో లెక్కచూపే సంఖ్యాఫలకం ఒకటి అందరిలాగే నేనూ తగిలించుకున్నాను. వాళ్ళిచ్చిన ఒక్క వరుసను తెచ్చి మూసలో అతికించడమే పని. ఆ సంస్థ ఎప్పుడో మూతపడింది. దాని చిరునామా గడువు తీరి అంగట్లో పడితే ఇంకెవరో కొనుక్కున్నారు. నా పుటలోని వరుస మాత్రం నమ్మిన బంటులా ప్రతి చదువరి రాగానే ఆ చిరునామాకు వెళ్ళి, అక్కడ ఏముంటే అది తెచ్చి నడుపుతూనే ఉన్నది.

"నడిపేది ఎవరోయ్?" అని అడిగాను.

"చదివేవాళ్ళ బ్రౌజరే మాస్టారూ. అడగదు, చెప్పదు, నడిపేస్తుంది."

ఆ మాట నన్ను వదలలేదు. పుస్తకం తెరిచినవాడి ఇంట్లోకి పుస్తకం నుంచి ఒక మనిషి దిగివచ్చి పనులు చక్కబెట్టడమేమిటి? ఈ ఏర్పాటు ఎవరు చేశారు, ఎందుకు చేశారు? శిష్యుడు పంపిన కాగితాలు ముందు వేసుకుని రెండు నెలలు చదివాను. నేను తెలుగు పండితుణ్ణి, ప్రోగ్రాములు రాయడం ఎరుగను. అయినా భాష అనేది ఏ భాష అయినా దాని పుట్టుక, వ్యాకరణం, అపభ్రంశాలు నాకు పరాయివి కావు. ఆ చనువుతో నాకు అర్థమైనంత చరిత్ర మిత్రుల ముందు పెడుతున్నాను.

అంతర్జాలంలో తొలినాటి పుటలు అచ్చుపుస్తకాల వంటివి. అక్షరాలు, బొమ్మలు, ఒక పుట నుంచి మరొక పుటకు దారిచూపే లంకెలు, అంతే. కదలిక లేదు. పత్రం నింపే సౌకర్యం వచ్చాక అసలు చిక్కు బయటపడింది. ఆనాటివి టెలిఫోను తీగ మీద నడిచే నత్తనడక మోడెములు. చదువరి పత్రమంతా నింపి పంపితే, అది ఎక్కడో దూరాన ఉన్న సర్వరు దాకా వెళ్ళి, "అయ్యా, మీరు ఇంటిపేరు గడి నింపలేదు" అన్న ఒక్క కబురుతో తిరిగి వచ్చేది. ఆ మాత్రం మాట ఇంట్లోనే చెప్పగల చిన్న తెలివి బ్రౌజరుకు ఉంటే ఎంత మేలు! కోరిక న్యాయమైనదే. తరువాతి కథ అంతా విన్నాక కూడా నేను ఆ కోరికను తప్పుపట్టలేను.

1995లో బ్రౌజర్లలో నెట్‌స్కేప్ వారి నావిగేటరుది రాజ్యం. ఆ సంస్థ ఏప్రిల్‌లో బ్రెండన్ ఐక్ అనే యువకుణ్ణి ఉద్యోగంలోకి తీసుకున్నది. బ్రౌజరులో స్కీమ్ అనే భాషను అమర్చవచ్చునని అతనికి ఆశచూపారు. స్కీమ్ పండితులు మెచ్చిన భాష, సూత్రప్రాయమైనది, కుండలీకరణాల మయం. అతను చేరేసరికి గాలి మారింది. మే నెలలో సన్ మైక్రోసిస్టమ్స్ వారు జావా అనే కొత్త భాషను ఆర్భాటంగా లోకానికి చూపారు, నెట్‌స్కేప్ వారితో ఒప్పందం కుదుర్చుకున్నారు. జావా నిపుణులకు, దానికి తోడుగా సామాన్యులు పుటలోనే రాసుకునే చిన్న భాష ఒకటి, అని నిర్ణయం జరిగింది. ఆ చిన్నభాష చూడటానికి జావాలాగే ఉండాలి, ఆలస్యం మాత్రం కారాదు. ఆలస్యమైతే అటు మైక్రోసాఫ్టు వచ్చిపడుతుంది. ఇటు సంస్థ లోపలే "రెండో భాష ఎందుకు" అనేవారి నోరు పెద్దదవుతుంది.

ఐక్ ఆ మేలో పదిరోజుల్లో తొలిరూపం చేసి చూపాడు. దాని పేరు మోకా. అస్తిత్వం స్కీమ్ నుంచి, వస్తువుల పొందిక సెల్ఫ్ అనే మరొక భాష నుంచి, పైవేషం జావా నుంచి తెచ్చాడు. సెప్టెంబరులో పేరు లైవ్‌స్క్రిప్టు అయింది. డిసెంబరు 4న 28 సంస్థల ఆశీర్వచనంతో జావాస్క్రిప్టు అయింది. జావాకూ దీనికీ చుట్టరికం పేరులోనే. ఆ మాటలు చూసి రెండూ అక్కాచెల్లెళ్ళనుకున్న వారు ఇన్నేళ్ళలో ఎందరో లెక్కలేదు, మొన్నమొన్నటిదాకా నేనూ వారిలో ఒకణ్ణి.

పదిరోజుల్లో శతకం చెప్పిన కవులున్నారు. అష్టావధానంలో ఆశువుగా పద్యాలు పూర్తిచేసేవారినీ చూశాం. ఐక్ ప్రతిభను తక్కువచేయడానికి నాకు అర్హత లేదు, ఆ తొందరలో కూడా మంచి బీజాలు వేశాడని తెలిసినవారంటారు. అయితే అవధానపద్యం నోట జారితే ఆ సాయంత్రంతో సరి. ఇది అట్లా కాదు. 1996 మార్చిలో నావిగేటరు రెండో కూర్పు బయటికి వచ్చినప్పటి నుంచీ లోకంలోని ప్రతి పుటా ఈ భాష మీద కట్టుకోవడం మొదలైంది. పదిరోజుల తప్పులు పునాదిలో చిక్కుకున్నాయి.

ఆ తప్పుల్లో రెండు మూడు చెబుతాను, నాకు సరదాగా తోచినవి.

తేదీల లెక్క జావా నుంచి ఉన్నదున్నట్టు తెచ్చారు. అందులో నెలలు సున్నాతో మొదలై పదకొండుతో ముగుస్తాయి, తారీఖులు మాత్రం ఒకటితోనే మొదలు. సంవత్సరం అడిగితే 1900 తీసివేసి చెబుతుంది, 1999ని 99 అంటుంది. పుటలు రాసేవారు దాని ముందు 19 అతికించి తృప్తిపడ్డారు. 2000 జనవరి 1 తెల్లవారేసరికి అది నిజాయితీగా 100 అన్నది, పుటలు 19100వ సంవత్సరం అని చూపాయి. కాలాన్ని కొలవడమే వృత్తిగా గల అమెరికా నౌకాదళ వేధశాల పుట కూడా ఆ రోజు అలాగే చూపింది. మైక్రోసాఫ్టు బ్రౌజరులో ఇదే ఆదేశం 2000 అని పూర్తిగా చెప్పేది, అక్కడ అతికింపు 192000 అయింది. జావా తన ఈ లోపాన్ని గుర్తించి 1997లోనే ఈ పద్ధతి వాడవద్దని చెప్పింది. అరువు తెచ్చుకున్న జావాస్క్రిప్టు మరో పద్ధతిని పక్కన చేర్చుకున్నదే గాని పాతదాన్ని ఈనాటికీ తీసివేయలేదు, నెలలనూ దిద్దలేదు. ఎందుకు అన్నదే ఈ వ్యాసమంతా.

సమానత్వం సంగతి మరీ విచిత్రం. ఈ భాషలో రెండు సమాన చిహ్నాలు పక్కపక్కన రాస్తే ఇరుపక్షాలూ సమానమా అని అడగడం. మొదట్లో ఇది గట్టిగానే ఉండేదట. అప్పట్లో వాడి చూసిన తోటివారు, అంకె అయిన 0నూ అక్షరరూపంలోని 0నూ సమానమంటే మాకు సులువు అని కోరితే ఐక్ సరేనన్నాడు. ఆ మొగమాటం ఫలితం ఇది: ఖాళీ మాట సున్నాతో సమానం, సున్నా అక్షరరూపపు సున్నాతో సమానం, కాని ఖాళీ మాట అక్షరరూపపు సున్నాతో సమానం కాదు! తర్కసంగ్రహం చదివిన ఏ విద్యార్థి అయినా తలపట్టుకుంటాడు. 1997లో నావిగేటరు నాలుగో కూర్పులో దీన్ని సరిచేయబోయారు, 1.2 భాష అని ప్రకటించుకున్న పుటల్లో గట్టి సమానత్వం పెట్టారు. నిలవలేదు, మరుసటి కూర్పులో వెనక్కి తగ్గారు. చివరికి తప్పును అలాగే ఉంచి, మూడు సమాన చిహ్నాలతో నిఖార్సయిన సమానత్వాన్ని విడిగా చేర్చారు. ఇప్పుడు ఈ భాష నేర్పే ప్రతి గురువూ రెండు వద్దు, మూడు వాడమని చెబుతాడట.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చినది వాక్యాంతపు చిక్కు. వాక్యం చివర పెట్టవలసిన చిహ్నాన్ని రాసేవాడు మరిచిపోతే యంత్రమే ఊహించి పెడుతుంది. సామాన్యులకోసం చేసిన భాష గదా, దయతో చేసిన ఏర్పాటు. మన తాళపత్రాల్లో పదాల మధ్య ఖాళీ ఉండదు, పంక్తి ఆకు అంచున తెగిపోతుంది, పదం తెగిందో లేదో చూడదు. విడదీసుకునే భారం చదివేవాడిది. "వాడిపోయినది" అన్న అక్షరాలు పూవు పక్కన ఉంటే ఒక అర్థం, కత్తి పక్కన ఉంటే "వాడి" "పోయినది" అని మరొక అర్థం. పండితుడు సందర్భం చూసి విరుస్తాడు. యంత్రానికి సందర్భం తెలియదు. ఫలితాన్ని తిరిగి ఇవ్వమనే ఆదేశం రాసి, ఇవ్వవలసినదాన్ని క్రింది పంక్తిలో రాస్తే, పై పంక్తి చివరనే వాక్యం అయిపోయిందనుకుని యంత్రం ఉత్త చేతులు చూపుతుంది. తప్పు అని కూడా చెప్పదు. గంటలకొద్దీ వెదికి ఒక పంక్తిని పైకి జరపడమే పరిష్కారమని తెలుసుకున్నవారి కథలు శిష్యుడు నవ్వుతూ చెప్పాడు. పాఠశోధన చేసినవాణ్ణి కనుక ఆ వెదుకులాట బాధ నాకు తెలుసు.

తప్పులు ఏ భాషలో లేవు? ఇంటి కంప్యూటరులో నడిచే ప్రోగ్రాము రాసేవాడు తన భాషలోని పాత తప్పును కొత్త కూర్పులో మానుకోవచ్చు. తన యంత్రం తన చేతిలో ఉన్నది, పాతదానికి పాత పనిముట్టు దాచుకుంటాడు. బ్రౌజరులోని భాషకు ఆ స్వాతంత్ర్యం లేదు. ప్రోగ్రాము రాసినవాడు ఒకడు, దాన్ని నడిపే బ్రౌజరును చేసినవాడు మరొకడు, ఆ బ్రౌజరు ఏ కూర్పో నిర్ణయించేది మూడోవాడైన చదువరి. 1998లో పుట రాసి చనిపోయినవాడు వచ్చి తన పుటను దిద్దలేడు. కొత్త బ్రౌజరు తప్పును సవరించిన మరుక్షణం ఆ పుట విరిగిపోతుంది, చదువరి నిందించేది పుటను కాదు, బ్రౌజరును. కనుక ఏ బ్రౌజరువాడూ తప్పు దిద్దడానికి ముందుకు రాడు.

మన శాస్త్రంలో దీనికి చక్కని మాట ఉన్నది, ఆర్షప్రయోగం. పాణినికి లొంగని రూపం ఋషి నోట వస్తే అది తప్పు అనరాదు, ఆర్షమని నమస్కరించి ముందుకు సాగాలి. జావాస్క్రిప్టులో శూన్యాన్ని నీవెవరవని అడిగితే "నేను వస్తువును" అంటుంది. తొలినాటి అమరికలో జరిగిన పొరపాటు అది. తరువాతి ప్రమాణంలో సవరిద్దామన్న ప్రతిపాదన వచ్చింది, పుటలు విరుగుతాయని త్రోసివేశారు. 1997 జూన్‌లో జెనీవాలోని ఎక్మా సంస్థ ఈ భాషకు మొదటి వ్యాకరణం రాసినప్పుడు లక్ష్యాన్ని బట్టి లక్షణం రాసింది, ఆర్షాలన్నిటినీ సూత్రాల్లో చేర్చింది. ఆ ప్రమాణభాషకు ఎక్మాస్క్రిప్టు అని పేరు పెడితే చర్మవ్యాధి పేరులా ఉందని ఐక్ స్వయంగా చమత్కరించాడు. నాలుగో ప్రమాణంలో భాషను సమూలంగా సంస్కరించాలని ఏళ్ళతరబడి తర్జనభర్జన చేసి 2008లో చేతులెత్తేశారు. 2009లో వచ్చినది అయిదోది, నాలుగో సంఖ్య చరిత్రలో ఖాళీగా మిగిలింది.

2018లో జరిగినది వింటే ఈ బరువు ఎంతటిదో తెలుస్తుంది. జాబితాలోని జాబితాలను విప్పి ఒకే వరుసగా పరిచే సౌకర్యానికి ఫ్లాటెన్ అని పేరు పెట్టాలనుకున్నారు, దానికి అదే సహజమైన మాట. ఫైర్‌ఫాక్స్ ప్రయోగపు కూర్పులో పెట్టి చూస్తే ఒక సైటు విరిగింది. కారణం, మూటూల్స్ అనే పాత ఉపకరణం అదే పేరుతో తన సొంత పద్ధతిని చాలా ఏళ్ళ క్రితమే భాషలో జొప్పించింది. ఎవరూ కొత్తగా వాడని ఉపకరణమే, అయినా దాన్ని నమ్ముకున్న పాత పుటలు ఎక్కడెక్కడో ఉన్నాయి. పేరు మార్చాలా, పుటలు విరగనివ్వాలా అని పెద్ద రగడ జరిగింది. విసుగెత్తిన ఒకరు స్మూష్ అని పెట్టండని వేళాకోళం చేశారు కూడా. చివరికి తోక కోసి ఫ్లాట్ అన్నారు. లోకమంతా వాడే భాషలోని ఒక మాటను దిక్కులేని పాత పుటలు శాసించాయి. చదివినప్పుడు ఒకింత గర్వం కలిగిందని ఒప్పుకుంటాను. మన పాత పుటలంటే ఈపాటి మన్నన ఉన్నదన్నమాట!

బ్రౌజర్ల మధ్య మాండలికాల గొడవ మనందరికీ అనుభవమే. 1996 ఆగస్టులో మైక్రోసాఫ్టు తన ఎక్స్‌ప్లోరరు మూడో కూర్పులో జేస్క్రిప్టు అని సొంత అనుకరణ తెచ్చింది, పక్కన వీబీస్క్రిప్టు అని ఇంకొకటి పెట్టింది. 2001 నాటి ఆరో కూర్పు లోకాన్ని ఏలింది, ఆపైన అయిదేళ్ళు కొత్త కూర్పు లేదు. ఫైర్‌ఫాక్సుకు మారిన తొలినాళ్ళలో, ఈ పుటను ఎక్స్‌ప్లోరరులోనే చూడుడని కసిరే పుటలు మనం ఎన్ని చూడలేదు! ఒకే ప్రోగ్రామును ఇద్దరికోసం రెండు రకాలుగా రాసి, ఎదుట ఉన్నది ఏ బ్రౌజరో కనిపెట్టి దానికి తగ్గది నడపడం ఆనాటి రచయితల నిత్యకృత్యం.

ఇంతవరకు చెప్పినవి రాసేవాడి కష్టాలు. నా గురువుగారి పుటకు పట్టిన గతి చదివేవాడి వైపు కష్టం, అదే నాకు ముఖ్యం.

పరాయి పుటలోని స్క్రిప్టు మన గదిలో నడుస్తున్నప్పుడు దానికి హద్దులుండాలని నెట్‌స్కేప్ వారు మొదటినుంచీ ఎరుగుదురు. ఒక చిరునామా నుంచి వచ్చిన పుటలోని స్క్రిప్టు మరొక చిరునామా పుటలోకి తొంగిచూడరాదని నియమం పెట్టారు. మంచి నియమం. దానికొక పెద్ద సందు ఉన్నది. పుట తనంతట తాను వేరేచోటు నుంచి స్క్రిప్టును పిలిపించుకుంటే, అది ఆ పుట ఇంటిమనిషే అవుతుంది, సర్వాధికారాలూ దాని చేతికి వస్తాయి. నా సంఖ్యాఫలకానికి అంకె చూపే హక్కు మాత్రమే ఇచ్చాననుకున్నాను. నిజానికి నా పుటను చెరిపే హక్కు, చదువరిని మరోచోటికి తోలుకుపోయే హక్కు, వాడు గడుల్లో టైపు చేసేది చదివే హక్కు, అన్నీ ఆ ఒక్క వరుసతో ధారపోశాను. పెళ్ళికి పిలిచిన అతిథి తాను తెచ్చిన నలుగురికీ మన పెట్టె తాళం అందించినట్టు.

పిలవకపోయినా వచ్చే తోవ ఇంకొకటి ఉన్నది. చదువరులు రాసే మాటలను పుటలో చూపే సైట్లలో, ఆ మాటల మధ్య ఎవడైనా స్క్రిప్టు దాచితే, బ్రౌజరు దాన్నీ సైటు యజమాని మాటగానే తలచి నడుపుతుంది. 2000 ఫిబ్రవరిలోనే అమెరికాలోని సెర్ట్ సంస్థ దీన్ని గూర్చి హెచ్చరించింది. 2005 అక్టోబరు 4న సామీ కామ్‌కార్ అనే పందొమ్మిదేళ్ళవాడు మైస్పేస్‌లో తన పుటలో ఇటువంటిదొకటి పెట్టాడు. ఆ పుట చూసినవారి పుటలోకి అది తనను తాను నకలు చేసుకుని, సామీని స్నేహితుడిగా చేర్చి, అతనే తమకు వీరుడని రాసేది. ఇరవై గంటల్లో పదిలక్షల మందికి పైగా సోకింది, సైటును ఆపి శుభ్రం చేయవలసి వచ్చింది. మైస్పేస్ వారు జావాస్క్రిప్టు అన్న మాట కనబడితే తొలగించే జల్లెడ పెట్టుకున్నారు. సామీ ఆ మాటను మధ్యకు విరిచి జావా ఒక పంక్తిలో, స్క్రిప్టు క్రింది పంక్తిలో రాశాడు. జల్లెడకు అవి రెండు ముక్కలు, కొన్ని బ్రౌజర్లకు సంధి కలిసిన ఒకే మాట. మళ్ళీ అదే పంక్తివిరుపు! పదచ్ఛేదం ఎంత పని చేయగలదో ఈ కథ చదివాక నా పాత విద్యార్థులందరికీ ఫోను చేసి చెప్పాలనిపించింది.

ఆపైన ఎన్నో. తెరిచిన పుట మీద పిలవని గవాక్షాలు కుప్పలుగా ఎగసిపడటం మనకు తెలిసినదే. మొదట అటువంటి ప్రకటన గవాక్షాన్ని తయారుచేసిన ఈథన్ జుకర్‌మన్ 2014లో లోకానికి క్షమాపణ చెప్పుకున్నాడు. చూసిన లంకె ఊదారంగులోకి మారుతుంది గదా, ఆ రంగును చూసి ఈ చదువరి ఇదివరకు ఎక్కడెక్కడ తిరిగాడో కనిపెట్టే స్క్రిప్టులు చాలాకాలం చెల్లాయి. 2017లో కాయిన్‌హైవ్ అని ఒకటి బయలుదేరి, చదువరి కంప్యూటరునూ అతని ఇంటి కరెంటునూ వాడి రహస్యనాణేలు తవ్వుకున్నది. 2018 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖకు చెందిన సైట్లలో, తిరుపతి, మాచర్ల పురపాలకాల పుటలతో సహా, ఇటువంటి స్క్రిప్టు దాగి ఉన్నదని పరిశోధకులు బయటపెట్టారు. ఇంటిపన్ను చూసుకుందామని వెళ్ళినవాడు తనకు తెలియకుండా ఎవరికో నాణేలు తవ్విపెట్టాడు. సరిగ్గా నా సంఖ్యాఫలకం బాపతుది, దానికన్నా ఎంతో పెద్దది, 2024లో జరిగింది. పాత బ్రౌజర్లకు కొత్త సౌకర్యాలు అందించే పాలీఫిల్ అనే మేలైన స్క్రిప్టు చిరునామాను ఫిబ్రవరిలో ఒక సంస్థ కొనుక్కున్నది. జూన్ నాటికి అది మొబైలు చదువరులను పందేల సైట్లకు మళ్ళిస్తున్నదని తేలింది. దాన్ని పిలుచుకునే సైట్లు లక్షకు పైమాటే. శిష్యుడు ఇది చెప్పినప్పుడు నా సిగ్గు కొంత తగ్గింది, భయం పెరిగింది.

మరి ఇంకో మంచి భాషను బ్రౌజరులో పెట్టరాదా అని నేనూ అడిగాను. ప్రయత్నించనిది లేదు. జావా ఆప్లెట్లు మొదలుకావడానికే యుగం పట్టేది. 1996లోనే ప్రిన్స్‌టన్ పరిశోధకులు వాటి కంచెలో కంతలు చూపారు. 2013 జనవరిలో అమెరికా ప్రభుత్వమే బ్రౌజరులో జావాను ఆపుకోమని ప్రజలకు సలహా ఇచ్చింది. ఫ్లాష్ 2020 డిసెంబరు 31తో ముగిసింది. గూగుల్ వారు డార్ట్ అనే భాషను తెచ్చి, తమ బ్రౌజరులోనే దాన్ని నేరుగా నడపాలన్న ఆలోచనను 2015లో మానుకున్నారు, ఇతర బ్రౌజర్లు ఒప్పుకోనిది పుటల్లో చెల్లదు గనుక. 2017 నుంచి వెబ్‌అసెంబ్లీ అనే అడుగుస్థాయి భాష ఒకటి అన్ని ముఖ్య బ్రౌజర్లలోనూ ఉన్నది. దాని ద్వారా పైతాన్ వంటివాటిని కూడా బ్రౌజరులో నడపవచ్చు. కాని పైతాన్ రావాలంటే ముందు దాని సంసారమంతా చదువరి కంప్యూటరులోకి దిగాలి, పుటను కదిలించాలంటే మళ్ళీ జావాస్క్రిప్టు గుమ్మం తొక్కాలి. ముందు వచ్చినది జాగా పట్టేసింది.

శిష్యుడు చివరికి, బ్రౌజరులో స్క్రిప్టులన్నీ ఆపివేసే పొడిగింపు ఉన్నది, పెట్టుకోండి మాస్టారూ అన్నాడు. పెట్టుకున్నాను. మూడు రోజులు నడిచింది నా సన్యాసం. మొదటిరోజు పుటలు రెప్పపాటులో తెరుచుకున్నాయి, ప్రకటనలు లేవు, ఎంతో హాయి. రెండోరోజు పింఛను జమ అయిందో లేదో చూద్దామంటే బ్యాంకు గుమ్మం తెరవలేదు, రైలు టికెట్టు కుదరలేదు. మూడోరోజు గురువుగారి వ్యాసంలో ఒక వాక్యం దిద్దుదామని లేఖిని తెరిచి నొక్కితే ఇంగ్లీషు అక్షరాలు వచ్చినవి వచ్చినట్టే ఉండిపోయాయి. ఏ, ఎమ్, ఎమ్, ఏ, అంతే. అమ్మ రాలేదు.

అప్పుడు గాని నాకు తెలియలేదు, ఇన్నేళ్ళుగా నేను నొక్కిన ప్రతి మీటనూ తెలుగక్షరంగా మార్చి పెడుతున్నది ఈ పదిరోజుల భాషే. ఇన్‌స్క్రిప్టు మీటలు నేర్చుకోలేని నా బోటివాడికి 2006 నుంచి తెలుగు రాయించినది అదే. సర్వరుకు కబురంపకుండా నా కంప్యూటరులోనే గుణింతాలు, ఒత్తులు కూర్చి ఇస్తుంది. అరకొర నెట్టుతో, నడుమ తీగ తెగినా పెట్టెలో టైపు సాగిపోయేది. ఒకసారి మరొక సైటులో రాత్రంతా రాసిన వ్యాసం బ్రౌజరు బిగుసుకుపోయి ఒక్క అక్షరం మిగలకుండా పోయిన మాటా నిజమే. ఈ భాషలో ఒకే దారం, ఒక పని ముడిపడితే పుటంతా ఆగిపోతుంది. ఆ రాత్రి ఎంత తిట్టుకున్నానో, ఆ మూడోరోజు అంతగా చేతులు జోడించాను.

పొడిగింపు తీసివేశాను. నా పుట మూసను తెరిచి, పాఠపరిష్కరణకు కూర్చున్నట్టు కూర్చుని, పరాయి చిరునామాలను పిలిచే వరుసలన్నీ కాగితం మీద రాసుకున్నాను. ఏడు తేలాయి. సంఖ్యాఫలకం ఒకటి. ఎప్పుడో ఆగిపోయిన గడియారం ఒకటి. మంచుతునకలు రాల్చేది ఒకటి, అది కృష్ణాతీరంలో ఎందుకు పెట్టానో దేవుడికే ఎరుక. మరి రెండు ఎప్పుడో మూతపడ్డ సంకలినులవి. ఈ అయిదూ తొలగించాను. గురువుగారి దస్తూరీ ఇప్పుడు మనవరాలి మొబైలులో కదలకుండా నిలిచింది, పదిసార్లు తెరిచి చూశాను.

తక్కిన రెండు వరుసలు ఏమిటో నాకు అంతుబట్టలేదు. నేనే అతికించినవి, ఎవరు ఇస్తే అతికించానో జ్ఞాపకం లేదు. వచ్చే ఆదివారం శిష్యుడు అమ్మను తీసుకుని మా ఇంటికి వస్తానన్నాడు. అప్పుడు చూద్దామన్నాడు.